ఇక్కడ దీర్ఘం పడలేదు

గోడ మీద ఆ దీర్ఘం ఆవిడ అరచేయంత ఉంది.

టైపు ఇన్‌స్టిట్యూటుకి ఎదురుగా మూతబడ్డ చెప్పుల కొట్టు గోడకి వరసగా ఆరు పోస్టర్లు అంటించి పోయారు. జిగురు ఇంకా ఆరలేదు, అంచుల వెంట కారుతోంది. పాత కోర్టు కాగితం ఒకటి ఫొటో తీసి, తలుపంత పెద్దది చేసి, అందులో ఒక్క వాక్యం కింద ఎర్రగీత గీశారు: "క్షమాపణ చెప్పాను." దాని కింద ఇంకా లావు అక్షరాల్లో ఒక ప్రశ్న: "తప్పయిందని చెప్పి బయటపడ్డ మనిషి చేతిలోనా దేశాన్ని పెట్టేది?"

బస్సు కోసం నిలబడ్డవాళ్ళు దాన్ని తీరిగ్గా చదువుతున్నారు.

"ఆదివారం తేలుతుందిగా," అన్నాడు ఒకాయన. "గెలిచినవాళ్ళంతా కూర్చుని ప్రధానిని ఎన్నుకుంటారు. పంతులమ్మో, వకీలో."

"పంతులమ్మేననుకున్నా. మూడుసార్లు జైలుకెళ్ళొచ్చిన మనిషి. కానీ ఈ కాగితం చూస్తే మనసు విరిగిపోతోంది."

"ఇది పదకొండేళ్ళ నాటి ముచ్చటేగా."

"విన్నదే అయినా, రాతలో చూస్తే వేరుగా ఉంటుంది."

ఆవిడ మాత్రం వాక్యం చదవలేదు. ఒక్క అక్షరాన్నే చూస్తూ నిలబడింది. అంత పెద్దది చేసేసరికి మామూలుగా ఎవరి కంటికీ ఆనని సంగతి ఒకటి బయటపడింది. దీర్ఘం కింద పాలమరకలాగా తెల్లరంగు. ఆ రంగు కింద నుంచి చెరపబోయిన తలకట్టు కొన ఇంకా తొంగిచూస్తోంది.

ఆ తెల్లరంగు పూసింది ఆవిడే. త్వరగా ఆరాలని నోటితో ఊదింది కూడా ఆవిడే.

తాళం తీసి లోపలికి వెళ్ళి, మిషన్ల మీది గుడ్డలు తీసి మడతపెట్టింది. కోర్టులో స్టెనోగా పనిచేసిన ముప్ఫై ఏళ్ళూ అందరూ ఆవిణ్ణి చుక్కలమ్మ అనేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. షార్ట్‌హ్యాండులో గీతలన్నీ హల్లులవి. అచ్చులకి చుక్కలూ, చిన్న అడ్డగీతలూ. మాట్లాడేవాళ్ళు పరుగు లంకించుకుంటే స్టెనోలు చుక్కలు వదిలేసి గీతలు లాగుతారు, తర్వాత సందర్భాన్ని బట్టి చదువుకుంటారు. ఈవిడ ఎంత వేగంలోనూ చుక్క వదిలేది కాదు. మీ పుస్తకం తెరిస్తే ఆకాశం కనిపిస్తుందమ్మా అని తోటివాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు.

ఇప్పుడు ఆ విద్య నేర్చుకోవడానికి మిగిలింది ముగ్గురు. వాళ్ళలో బట్టల కొట్టులో పనిచేసే అమ్మాయి ఒకతె పుస్తకంలోంచి తలెత్తింది.

"మేడం, 'చెప్పను', 'చెప్పాను' రెంటికీ గీత ఒకటే వస్తోంది. తర్వాత చదువుకునేటప్పుడు ఎలా తెలుస్తుంది?"

పోస్టరు చూసి అడిగిందో, పాఠం చూసి అడిగిందో చుక్కలమ్మకి అర్థం కాలేదు.

"చుక్కని బట్టి. పొట్టి అచ్చుకి లేతచుక్క. దీర్ఘానికి ముదురుచుక్క. పెన్సిలు ఆనించి తీస్తే లేత, నొక్కితే ముదురు."

"పొరపాటున నొక్కితే?"

"నొక్కకూడదు. లేతదాన్ని తర్వాతెప్పుడైనా ముదురు చెయ్యొచ్చు. ముదురుదాన్ని లేత చెయ్యలేం. అందుకని అనుమానం వస్తే మాట్లాడినవాళ్ళనే అడగాలి, ఏమన్నారండీ అని. పక్కవాళ్ళని కాదు."

"అడిగే వీలు లేకపోతే?"

చుక్కలమ్మ మిషను మీద గుడ్డ కప్పింది. ఇవాళ్టికి చాలని చెప్పి, పదకొండు గంటలకే ఇన్‌స్టిట్యూటు మూసేసింది.

*

ఇంట్లో అక్క పాత దుప్పటి చింపి కట్టుగుడ్డలు చుడుతోంది. ఆసుపత్రిలో నర్సు పని మానేసి ఆరేళ్ళయినా ఆ చేతులు ఊరుకోవు. వీధిలో ఎవరి మోకాలు పగిలినా ఈ గుమ్మమే ఎక్కుతారు. చెల్లెలు వేళకాని వేళ వచ్చి, చెప్పులైనా విడవకుండా కుట్టుమిషను సొరుగు లాగి, దారపుండల కింద నుంచి రబ్బరుబ్యాండు వేసిన నోటుపుస్తకం తియ్యడం చూసి, చుట్టడం ఆపింది.

"అది ఇంకా ఉందా? కాల్చేశానన్నావు."

"కాల్చేశానని కోర్టు రిజిస్టర్లో సంతకం పెట్టాను."

"బావుంది. ఒక నేరానికి ఇంకోటి తోడు." అక్క దుప్పటి పక్కన పడేసింది. "పోస్టర్లు నేనూ చూశాను. నువ్వేం చెయ్యబోతున్నావో కూడా నాకు తెలుసు. వద్దు."

"ఆవిడ చెప్పననే అంది అక్కా. నేను విన్నాను. లేతచుక్కే పెట్టాను."

"పెట్టావు. తర్వాత పెద్దగుమాస్తా వచ్చి దీర్ఘం పెట్టమన్నాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయన మీద తోసెయ్. ఆయనకి కొత్తగా వచ్చే నష్టమేం లేదు."

"పెట్టమని కూడా అనలేదు. నా బల్ల దగ్గరికొచ్చి, కాగితం ముందు పెట్టి, వేలితో చూపించి, ఇక్కడ దీర్ఘం పడలేదు, చూసుకోండి అన్నాడు. అంతే. ఏదో అచ్చుతప్పు దిద్దినట్టు. తలెత్తి చూస్తే ఆయన మొహమంతా చెమట. నా ఉద్యోగం పోతుందమ్మా అని గొణిగాడు. సరిగ్గానే పడిందండీ అని ఒక్క మాట అనొచ్చు నేను. అనలేదు. రంగు పూశాను, ఊదాను, మిషను వెనక్కి జరిపి మీట కొట్టాను. కింది మూడు కార్బను కాపీలూ రబ్బరుతో చెరిపి మళ్ళీ కొట్టాను. పది నిమిషాలు పట్టింది."

"అయితే పొరపాటున పడిందని చెప్పు. దీర్ఘమే కదా, కత్తిపోటు కాదు."

"దాన్ని పట్టుకుని ఆవిణ్ణి మూడోరోజునే ఇంటికి పంపించేశారు. ఆవిడతోపాటు సమ్మెలో పట్టుకొచ్చిన నలభై ఇద్దరు హమాలీలు రెండేళ్ళు లోపలుండిపోయారు. ఆవిడ తమని అమ్ముకుందనుకుంటూ ఉండిపోయారు. ఇద్దరు అక్కడే పోయారు. కత్తిపోటుకేం తక్కువ?"

అక్క లేచి వచ్చి చెల్లెలి నడుము మీద చెయ్యి వేసింది, రోగిని తడిమినట్టు.

"అరవై రెండేళ్ళదానివి. కోర్టు కాగితం మార్చినందుకు ఏడేళ్ళు వేస్తారట, మన ఆసుపత్రి గుమాస్తా కేసులో విన్నాను. చలికాలం నేల మీద పడుకుంటే ఈ నడుము లేస్తుందా?"

"ఆవిడ పడుకుంది కదా."

"ఆవిడ నాయకురాలు. నువ్వు చుక్కలు పెట్టుకునేదానివి."

ఆ మాటకి చుక్కలమ్మకి కోపం రావాలి. రాలేదు. నిజమే అనిపించింది. చుక్కలు పెట్టడం ఒక్కటే తనకి వచ్చిన పని, ఆ ఒక్కటీ సరిగ్గా పెట్టి, తర్వాత తనే చెరుపుకుంది.

*

శుక్రవారం పొద్దున పంతులమ్మని కలవడానికి పార్టీ ఆఫీసుకి వెళ్ళింది. పాత గోడౌను మేడ మీద ఆఫీసు. మెట్ల మీద కాలు పెట్టే సందు లేదు. ఎన్నికల ముందు ఈ మెట్ల మీద పిల్లులు పడుకునేవట. ఇప్పుడు దండలు పట్టుకున్నవాళ్ళూ, తాము మొదటినుంచీ ఇటువైపేనని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేవాళ్ళూ. గుమ్మంలో కాపలా మనిషి ఏం పనని అడిగాడు.

"ఒక తప్పు దిద్దాలి. టీచరుగారితోనే మాట్లాడాలి."

"ఇక్కడందరూ దిద్దడానికే వచ్చారమ్మా. ఆ బెంచీ మీద కూర్చోండి."

మూడు గంటలు కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దానిమీద ఆనించి. మధ్యలో ఒకసారి ధైర్యం చాలక లేచి మెట్లు సగం దిగింది. కింద వ్యాను వెనకాల అదే పోస్టరు కనిపించింది. మళ్ళీ ఎక్కి వచ్చేసరికి బెంచీ మీద చోటు పోయింది. గోడకి ఆనుకుని నిలబడింది.

పంతులమ్మ లోపల వేణ్ణీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేది. దేశమంతా ఇప్పటికీ ఆ పిలుపే. దగ్గరగా చూస్తే పోస్టర్లలో కనిపించేదాంట్లో సగం మనిషి లేదు. జైలు నేల తేమకి వాచిన మడమలు తొట్టిలో ఎర్రగా కనిపిస్తున్నాయి. చెవి మీద ఎర్రపెన్సిలు, ఒళ్ళో అట్ట, అట్ట మీద సభ్యుల జాబితా.

"కూర్చోండమ్మా. కాళ్ళు తియ్యలేను, ఏమీ అనుకోకండి. ఎక్కణ్ణుంచి వచ్చారు?"

"కోర్టు నుంచి," అనేసింది అలవాటుగా. "అంటే, రిటైరయ్యాను. మీ మొదటి కేసులో స్టెనోని నేనే."

పంతులమ్మ అట్ట పక్కన పెట్టింది.

ఏమేం చెప్పాలో చుక్కలమ్మ దారి పొడుగునా వరసగా అనుకుంటూ వచ్చింది. అవన్నీ వదిలేసింది. పుస్తకం తీసి, రబ్బరుబ్యాండు విప్పి, పేజీ తెరిచి ముందు పెట్టింది.

"మీరు చెప్పను అన్నారు. నేను చెప్పను అనే రాశాను. చెప్పను అనే టైపు కొట్టాను. తర్వాత దీర్ఘం పడలేదంటే, పెట్టాను."

పంతులమ్మ ఆ పేజీలోని గీతలకేసి చాలాసేపు చూసింది. తనకి రాని భాషలో తన మాటలే ఉన్నాయి.

"రెండోసారి లోపలేసినప్పుడు ఏడాదిపాటు ఒంటరిగా ఉంచారు నన్ను," అంది చివరికి. "మాట్లాడ్డానికి గోడ తప్ప ఎవరూ లేరు. అందరూ నేను చెప్పానంటున్నారు. కాగితమూ అదే అంటోంది. ఆరోజు ఏమన్నానో రోజుకి పదిసార్లు గుర్తుచేసుకునేదాన్ని. కొన్నాళ్ళకి నాకే అనుమానం వచ్చింది. భయపడి చెప్పేసి, మర్చిపోయానేమోనని. నా నోట్లోంచి వచ్చిన మాట నాకే తెలీకుండా చేశారమ్మా మీరు."

పదకొండేళ్ళుగా చుక్కలమ్మ తన తప్పుని ఎన్ని రకాలుగానో తూచుకుంది. ఈ బరువు ఒకటుందని ఆవిడకి తట్టనే లేదు.

"క్షమిం..."

"ఆ మాట ఇప్పుడు నా దగ్గర అనకండి. నాకు కోపంగా ఉంది. ఇంకా చాలా రోజులుంటుంది. ముందు చదవండి. ఏమన్నానో నన్ను విననివ్వండి."

చదివింది. కోర్టులో చదివినట్టే, ఎత్తూ పల్లం లేకుండా. పంతులమ్మ కళ్ళు మూసుకుని వింది.

"ఆ నీళ్ళ సంగతి కూడా రాశారా?"

"మీరన్నదంతా రాశాను. టైపు చెయ్యొద్దన్నారు గాని, రాసింది చెరపమని ఎవరూ అనలేదు."

పంతులమ్మ తొట్టిలోంచి కాళ్ళు తీసి, తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. "ఆదివారం వకీలు ఈ కోర్టు కాగితమే పట్టుకొస్తాడు. మూటలాయన తెలుసుగా, హమాలీల పెద్ద. ఆయన వెనక ముప్ఫైమంది సభ్యులున్నారు. ఆయన ఎటు మొగ్గితే అటు. పదకొండేళ్ళుగా నాకు ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు. మీరొచ్చి ఈ మాట చెబుతారా?"

"చెబుతాను."

"దానివల్ల మీకేమవుతుందో తెలుసా?"

"మా అక్క చెప్పింది. ఏడేళ్ళట."

"అయితే వినండి. టైపులో పొరపాటు పడిందని చెప్పండి. పొరపాటుకి కేసు ఉండదు. నా పని అయిపోతుంది, మీకూ ఏమీ కాదు. మిమ్మల్ని లోపలికి పంపించి నేను వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోలేను."

అంత కోపంలో ఉన్న మనిషి అంత దయగా మాట్లాడుతుందని చుక్కలమ్మ అనుకోలేదు. పుస్తకానికి రబ్బరుబ్యాండు వేసుకుంటూ, ఆలోచిస్తానని చెప్పి వచ్చేసింది.

*

ఆదివారం సమావేశం ఒక బడి హాల్లో జరిగింది. పెద్దమనుషులంతా పిల్లల బెంచీల్లో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నారు. నల్లబల్ల పక్కన చిన్న బల్ల దగ్గర పార్లమెంటు రిపోర్టరు, బట్టతలాయన, జరిగేదంతా షార్ట్‌హ్యాండులో రాసుకుంటున్నాడు. మూటలాయన చివరి వరసలో గోడ పక్కన. భుజాలు బెంచీ కంటే వెడల్పు. పంతులమ్మ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అటూ ఇటూ కానివాళ్ళు అక్కడ కూర్చోవడానికి జంకారు.

వకీలు కాగితం పైకెత్తి పట్టుకున్నాడు. గొంతు పెంచే అలవాటు ఆయనకి లేదు; అవసరమూ లేదు.

"నేను ఆవిణ్ణి తక్కువ చెయ్యట్లేదు. ఆ తర్వాత రెండుసార్లు జైలుకెళ్ళింది, కాదనను. కానీ మొదటిసారి బెదిరించగానే ఈ నోరు ఏమందో ఇక్కడుంది. రేపు బయటి దేశంవాళ్ళు బెదిరిస్తే మళ్ళీ ఏమంటుంది?"

"రాసినావిడే ఇక్కడుంది," అంది పంతులమ్మ. "ఆవిణ్ణే అడగండి."

చుక్కలమ్మ లేచి నిలబడింది. ముప్ఫై ఏళ్ళు ఇంకొకళ్ళు మాట్లాడితే రాసిన మనిషి; తను మాట్లాడుతుంటే ఇంకొకళ్ళు రాయడం ఇదే మొదలు. బట్టతలాయన పెన్సిలు తన నోటికేసి చూస్తున్నట్టే ఉంది. నోటుపుస్తకం వకీలు ముందు తెరిచి పెట్టి, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది.

వకీలు తల పంకించాడు. "అంటే, టైపు పొరపాటంటారు. పాపం, మనుషులన్నాక జరుగుతాయి."

తలుపు బార్లా తీసి పట్టుకున్నట్టే ఉంది ఆ మాట. పంతులమ్మ ఇటు తిరిగి, అవునని చెప్పమన్నట్టు గడ్డం కొంచెం ఆడించింది. ఔననడానికి రెండక్షరాలు చాలు. చుక్కలమ్మకి జైలు నేల గుర్తొచ్చింది, నడుము గుర్తొచ్చింది. వాటి వెనకే తెల్లరంగు వాసన కూడా ముక్కుకి తగిలింది.

"పొరపాటని చెప్పను," అంది.

బెంచీలు కిర్రుమన్నాయి.

"తెలిసే చేశానండి. దిద్దమన్నాయన పోయాడు. నోరు ఆయనదైనా చెయ్యి నాది."

"నేరం ఒప్పుకుంటున్నారు, తెలుస్తోందా?"

"తెలుస్తోంది. రేపు స్టేషనుకి వెళ్ళి రాసిస్తాను."

వకీలు నోటుపుస్తకం వేలితో తట్టాడు. "ఈ కోడిగీతలు మీరు తప్ప ఎవరు చదవగలరు? నిన్న కూర్చుని రాసుకొచ్చారని నేనంటే?"

"కోడిగీతలు కావండి. నేర్చుకున్నవాళ్ళెవరైనా చదువుతారు." పుస్తకం తీసుకెళ్ళి రిపోర్టరు ముందు పెట్టింది. "ఈయన్ని నేనెప్పుడూ చూడలేదు. చదవమనండి."

బట్టతలాయన కళ్ళజోడు సర్దుకుని పేజీ వెలుతురుకి పట్టాడు. "ఇంత శుభ్రంగా చుక్కలు పెట్టినవాళ్ళని చూసి ఇరవయ్యేళ్ళయింది," అని తనలో తను అనుకుని, చదవడం మొదలుపెట్టాడు.

"న్యాయమూర్తి: తప్పయిందని క్షమాపణ చెప్పండి, ఇంటికి పంపించేస్తాను. ముద్దాయి: క్షమాపణ చెప్పను. ఇక్కడ లేతచుక్కే ఉందండీ, సందేహం లేదు. న్యాయమూర్తి: ఆలోచించుకోండి. ముద్దాయి: ఆలోచించుకునే వచ్చాను. బయట వ్యానులో నలభై ఇద్దరున్నారు. పొద్దుటినుంచి తలుపులు వేసి ఎండలో పెట్టారు. వాళ్ళకి నీళ్ళిచ్చారా? న్యాయమూర్తి: ఇది రికార్డు చెయ్యొద్దు. ముద్దాయి: రికార్డు చెయ్యకపోతే పోయె, నీళ్ళివ్వండి. వాళ్ళకి నీళ్ళు అందేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

చివరి వరసలో మూటలాయన లేచాడు. లేవడానికి ఆయనకి కాస్త సేపు పట్టింది.

"బకెట్టు," అన్నాడు. "రంగు పోయిన ఇనప బకెట్టు. మధ్యాహ్నం ఒక జవాను మోసుకొచ్చాడు. ఎవరు పంపారయ్యా అంటే, తాగండి, అడక్కండి అన్నాడు. జడ్జీగారు మంచోడని చెప్పుకున్నాం మేం. రెండేళ్ళు చెప్పుకున్నాం."

వరసల మధ్య నుంచి నడిచి ముందుకొచ్చాడు. పంతులమ్మ ముందు నిలబడి, ఎన్నాళ్ళకో ఆవిడ మొహంలోకి చూశాడు.

"నువ్వు పంపిన నీళ్ళు తాగి నిన్ను తిట్టుకున్నామమ్మా."

పంతులమ్మ పక్కనున్న ఖాళీ కుర్చీ చేత్తో ఇటు లాగింది. మూటలాయన అందులో కూర్చున్నాడు. ఆ తర్వాత చీటీలు వెయ్యడానికీ, లెక్క తేలడానికీ గంట పట్టింది గాని, ఎవరు ప్రధానో ఆ కుర్చీ జరిగినప్పుడే అందరికీ తెలిసిపోయింది.

జనం చుట్టుముట్టేలోగా పంతులమ్మ కుంటుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. "కేసు ఎత్తెయ్యమని నేను చెప్పను," అంది చుక్కలమ్మతో. "మీరు అడగరు కాబట్టి."

"అడగను టీచరుగారూ."

"కోపం ఇంకా ఉంది."

"ఉండనివ్వండి."

*

సోమవారం పొద్దున చుక్కలమ్మ తలదువ్వుకుని బయటికి వచ్చేసరికి అక్క అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో గుడ్డసంచి.

"రెండు జతల బట్టలు, తువ్వాలు, నడుం నొప్పికి రాసుకునే మందు, అరడజను పెన్సిళ్ళు."

"పెన్సిళ్ళెందుకక్కా?"

"అక్కడ నీకు పొద్దుపోవద్దూ." అక్క తాళం వేసి, రెండుసార్లు లాగి చూసింది. "నేనూ వస్తున్నా. నిన్ను ఏ గదిలో పెడతారో చూడాలి. తేమగా ఉంటే ఒప్పుకోను."

స్టేషన్లో అందరూ కిటికీలోని రేడియో చుట్టూ ఉన్నారు. ఇంకాసేపట్లో ప్రమాణ స్వీకారం. ఇన్‌స్పెక్టరు చుక్కలమ్మ చెప్పింది విని, కుర్చీలో వెనక్కి వాలి, మళ్ళీ ముందుకి వంగాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

"అమ్మా, ఇవాళ ఆవిడ ప్రధాని అవుతోంది. మీరు ఆవిణ్ణి గెలిపించిన మనిషి. పేపర్లనిండా మీ ఫొటోనే. ఇవాళే మీమీద కేసు రాస్తే నా ఉద్యోగం పోతుంది."

చుక్కలమ్మ ఆ చెమట చూసింది. ఇదివరకెప్పుడో, ఇంకో మొహం మీద చూసిన చెమటే. ప్రభుత్వం మారినా అది మాత్రం ఉన్నచోటే ఉందనిపించి, ఆవిడకి ఒళ్ళు మండింది.

"పోతే పోతుంది బాబూ. నాది అప్పుడే పోవాల్సింది. మీరు రాయండి."

"కాదమ్మా, పొరపాటున పడిందని ఒక్క ముక్క..." అని ఇన్‌స్పెక్టరు అక్కకేసి చూశాడు, ఆవిడైనా సాయం చేస్తుందేమోనని.

"అది నేనూ చెప్పి చూశాను," అంది అక్క. "రాయండి. మాకు ఇంకో పని లేదు."

స్టేషను రైటరు కాగితాలు ముందేసుకుని, కలం విదిలించి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయడం మొదలుపెట్టాడు. వేగం చాలక మధ్యమధ్య ఆగమంటున్నాడు. చుక్కలమ్మకి లాక్కుని తనే రాసేద్దామనిపించి, ఓపిక పట్టింది. చివరి వాక్యానికి వచ్చేసరికి ఎవరో రేడియో పెద్దది చేశారు.

పంతులమ్మ గొంతు. ప్రమాణం అయిపోయింది. దేశం పగ్గాలు చేతికొచ్చిన మనిషి గొంతులా లేదు. హాజరు తీసుకునే గొంతులాగే ఉంది.

"పదకొండేళ్ళ కిందట నన్ను క్షమాపణ చెప్పమన్నారు. అడిగినవాళ్ళకి చెప్పలేదు. ఇవాళ ఎవరూ అడగలేదు. తలుపులు మూసిన వ్యానులో ఎండకి మాడిన నలభై ఇద్దరికి, వాళ్ళలో ఇవాళ లేని ఇద్దరికి, విచారణ లేకుండా లోపల ఉన్న ప్రతి ఒక్కరికి ఈ ప్రభుత్వం తరపున క్షమాపణ చెబుతున్నాను. వాళ్ళని లోపలుంచిన చట్టాన్ని ఎత్తేసే బిల్లు రేపే సభ ముందుకొస్తుంది."

ఇన్‌స్పెక్టరు ఎందుకో లేచి నిలబడ్డాడు. చుక్కలమ్మ కుడిచేతి చూపుడువేలు ఒళ్ళో గుడ్డసంచి మీద తనంతట తను గీతలు లాగుతోంది, ఒక్క చుక్కా వదలకుండా. అక్క అది చూసి తల అటు తిప్పుకుని, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

రైటరు గబగబా మిగతాది రాసేసి, కాగితం ఇటు తిప్పి, సంతకం పెట్టాల్సిన చోట గుర్తు పెట్టి కలం అందించాడు. చుక్కలమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మొదటి అక్షరం నుంచీ చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగింది. "పై కాగితంలో ఆ దీర్ఘం ఎవరి బలవంతమూ లేకుండా, తెలిసే, నేనే పెట్టను."

కాగితం రైటరు ముందుకి జరిపి, వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ దీర్ఘం పడలేదు, చూసుకోండి."

రైటరు చూసుకుని, నాలిక కరుచుకుని, దీర్ఘం పెట్టాడు. అప్పుడు చుక్కలమ్మ సంతకం చేసింది.